శాతం

"అన్నం తింటలేదు, జర వచ్చి చూడు" అని ఫోను.
నయీంనగర్‌ల మూడంతస్తుల ఇల్లు,
గ్రానైటు సేటు విద్యాధర్‌ది.
నేను గోపాలమిత్రను, బర్లకు సూదులేసేటోణ్ణి.
కుక్కల డాక్టరు ఊర్లె లేడట,
అందుకే నా దాకా వచ్చింది పిలుపు.

డాబా మీద ఇనుప జాలి. జాలి వెనుక ఏసీ గది.
గోడకు అద్దం కట్టి బెంగుళూరు సర్టిఫికెట్:
తోడేలు డెబ్బై అయిదు, కుక్క ఇరవై అయిదు.
పాల ప్యాకెట్టు మీద వెన్న శాతం రాసినట్టు.

తల నుంచి తోక దాకా తడిమిన,
ఆ గీత ఎక్కడుందో చూద్దామని.
పొడుగు కాళ్లు, ఇరుకు రొమ్ము,
గుట్టలెంబడి రాత్రంతా నడిచేటందుకు పుట్టినవి
పదడుగుల గదిల ఎనిమిది అంకె లెక్క తిరుగుతున్నయి.
నా చెయ్యి తగిలితే వణికింది, కరవలే.
కరవకపోవుడు ఆ పాతిక శాతం కావచ్చు.
వణుకుడు ఎవరిదో నాకు తెల్వలే.

గోళ్లు అరిగి నెత్తురు కారుతున్నయి.
రోజూ అదే మూలకు టైల్సు తవ్వుతదట.
టైల్సు కింద సిమెంటు,
సిమెంటు కింద విద్యాధర్ పడకగది.
కాజీపేట దిక్కు రైలు కూస్తే ఇది ఊళ పెడుతది,
గల్లీ కుక్కలన్ని నోర్మూస్తయి.
జవాబు కోసం చెవులు రిక్కించి నిలవడుతది.
ఇంకో రైలు వస్తది.
"గొంతు బంద్ అయ్యే సూది ఏదన్న ఉందా?"
లేదన్న. ఉన్నా చెప్పకపోదును.

చాకిరికి కుదిరినోడు బీరయ్య, ఐనవోలు దిక్కు కురుమాయన.
చిన్నప్పుడు ఒక్క రాత్రిల పదమూడు గొర్లు పోయినయట.
వాళ్ల నాయిన బొరియకు పొగబెట్టి
తోడేలు కూనల్ని గొంగడిల మూటగట్టి తెచ్చిండట.
తర్వాత ఏం చేసిండో బీరయ్య చెప్పలే.
ఇప్పుడు కోడి తునకల బొక్కలు ఏరి పెడుతున్నడు,
పసిపిల్లకు చేప ముల్లు తీసినట్టు.

"ఒకనాడు జాలి తలుపు తీసి పెట్టిన సారూ,
నౌకరి పోతే పోనియ్యని.
లిఫ్టు దాక వచ్చింది.
ఆ స్టీలు తలుపుల దాని మొకం దానికే కనబడ్డది.
ఇంకోటి ఉన్నదనుకున్నదో ఏమో,
మూతి ఆనించి వాసన చూసింది.
వాసన లేదు.
మర్లి గదిలకే పోయింది."

విటమిన్ సూది వేసిన. గోళ్లకు మందు రాసిన.
రిజిస్టర్ల జాతి అన్న గడి ఖాళీగ ఇడిసిపెట్టిన.
ఐదు వందలిచ్చిండు. తీసుకున్న.

మాపటికి ధర్మసాగరం కాడ గొర్లకు టీకాలు.
ఆ మంద తోడేలును చూసెరగదు.
కాసే పోరనికి కూడా ఫోన్ల బొమ్మే ఎరుక.
సబ్బుతోని రెండుసార్లు కడిగిన చేతులతో
దొడ్డిల అడుగు పెట్టంగనే
మంద మొత్తం వెనక్కి జరిగింది.
పిల్లలు తల్లుల కడుపుల కిందికి దూరినయి.
ముసలి పొట్టేలు కాలు నేలకేసి కొట్టింది.

"ఏమైంది సారూ వీటికి?"
పోరడు పరేషాన్.

గొర్లకు శాతాలు తెల్వయి అన్న.