గుల్ల

ఎన్నూరు క్రీక్ ముఖద్వారం. తెల్లవారలేదింకా.
మీటరు తీగను నీళ్ళలోకి వదిలాను.
పైన, మూడు పాయింట్ ఒకటి.
అడుగున, బురద తాకీ తాకకుండా,
సున్నా పాయింట్ తొమ్మిది.
రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువునే తిన్నది.
కరెంటు కేంద్రం వేడినీళ్ళు మాత్రం
వస్తూనే ఉన్నాయి.

కన్నియమ్మ అప్పటికే నడుములోతులో ఉంది,
బుట్ట తాడు పళ్ళతో కరిచిపట్టి.
ఆలిచిప్ప జానెడు లోతున ఎక్కడ దాక్కుందో
ఆమె కాలివేళ్ళకు తెలిసినంత
నా యంత్రానికి తెలియదు.
ఈవేళ వెతకనక్కర్లేదు.
చిప్పలన్నీ వాటంతటవే పైకొచ్చి
బురదమీద పడున్నాయి,
ఉక్కపోతకు వాకిట్లో పడుకున్న మనుషుల్లా.

అరగంటలో బుట్ట నిండింది.
ఆమె ముఖం నిండలేదు.

ఒడ్డుకొచ్చి, రెండు చిప్పలు
నా చెవి దగ్గర టకటకలాడించింది.
"రాయిలా మోగితే బతికున్నట్టు.
ఇది వినండి. గుల్ల."

చదువుకున్నది చెప్పాను:
గాలి తగ్గితే ముందు నోరు మూసుకుంటాయి,
గుండెను నెమ్మది చేసుకుంటాయి,
లోపల దాచుకున్నదాన్ని పులియబెట్టుకు తింటూ
రోజులు నెట్టుకొస్తాయి.
కండరం అలిసిపోయిన పూట
తలుపు దానికదే తెరుచుకుంటుంది.

"అంటే, నోరు తెరిచింది
అడగడానికి కాదన్నమాట"
అంది.

కాసేపాగి మీటరు వైపు చూసి,
"స్టాన్లీ ఆసుపత్రిలో మా ఆయన వేలికి
ఇలాంటిదే తగిలించారు.
అంకె దిగితే నర్సమ్మ పరిగెత్తుకొచ్చేది.
దీనికెవరొస్తారు?"

నేను రిజిస్టరులో రాసుకుంటున్నాను.
తేదీ. పోటు. ఉప్పు.
సున్నా పాయింట్ తొమ్మిది.

బుట్టలో ముప్పాతిక భాగం
సున్నపు బట్టీవాడి గోనెలోకి పోయింది.
కిలోకి ఎంతిచ్చాడో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.
మిగిలినవాటిని కొంగులో మూటకట్టి
సముద్రం కొత్తనీళ్ళు తోసే ఇసుకతిన్నె దాకా
మళ్ళీ నడిచి, ఒక్కొక్కటే గుచ్చి వచ్చింది.
"మీకొకటి" అని నా చేతిలో పెట్టింది.

టోల్‌గేట్ దాటేసరికి
బస్సు కిటికీ పక్క, నీళ్ళ సీసాలో,
ఆ చిప్ప వెంట్రుకవాసి తెరుచుకుంది.

ఊపిరి తీసుకోవడానికో
అలిసిపోయో.

వేలు పెట్టి తాకితే తెలుస్తుంది,
బతికుంటే చటుక్కున మూసుకుంటుంది.

రాయపురం వచ్చింది.
సీసా మూత తీశాను.
వేలు ఇంకా పెట్టలేదు.