ఏడు వాట్లు

నేను మీటర్లు చదివేవాణ్ని.
ఈ ఊళ్లో గోడల వారనే నడిచీ నడిచీ
ఏ ఇంట్లో ఎవరికి ఏ రాత్రి నిద్ర పట్టలేదో
అంకెల్లో తెలిసిపోతుంది నాకు.
చెప్పను. అది మా ఉద్యోగ ధర్మం.
ఐలీ కంగస్ సంగతి మాత్రం చెబుతాను,
చెప్పుకోమని ఆవిడే అంది.

సుపీరియర్ సరస్సు మీంచి గాలి దిగిందంటే
నవంబరు చివరికే మా వీధికి నడుం లోతు మంచు.
అప్పుడు నిచ్చెన తీసేవాడు రేనో, ఆవిడ మొగుడు.
చూరు పొడవునా వంద బల్బులు,
ఒక్కోటి నిమ్మకాయంత.
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం, మళ్లీ ఎరుపు.
వరస తప్పితే దిగి, మళ్లీ ఎక్కేవాడు.

బల్బుకి ఏడు వాట్లు.
రాత్రికి ఆరు గంటలు, నలభై రాత్రులు.
క్రిస్మస్ వేళకి వాళ్ల మీటర్లో చక్రం
రంగులరాట్నం.
నలభై రెండు డాలర్లయ్యా, అని లెక్క చూపిస్తే
"పొగాకు మానేశాను కదా, ఇది నా పొగాకు" అనేవాడు.

అతను పోయిన రెండో శీతాకాలం
చమురు ధర నిచ్చెనెక్కింది,
పింఛను కిందే నిలబడింది.
ఐలీ హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి
ఎల్ఈడీ తీగలు కొనుక్కొచ్చింది.
వందకీ కలిపి యాభై వాట్లు,
పండగంతటికీ మూడు డాలర్లు.
కవరు వెనక నేనే వేసిచ్చాను.
కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు తీసివేసి
"ముప్ఫై తొమ్మిది" అంది,
బాకీ పడ్డవాడి పేరు పలికినట్టు.
తీగల ఖరీదు పోగా
తొమ్మిది డాలర్లు కాఫీ డబ్బాలో మోగాయి.

మొదటి మంచు కురిసిన రాత్రి తెలిసింది తేడా.
పాతవి తమ మీద పడ్డ మంచుని తామే కరిగించుకునేవి,
ఒక్కో దీపం చుట్టూ గుప్పెడంత వానాకాలం.
కొత్తవి చల్లగా వెలుగుతాయి.
మంచు కప్పేస్తే కప్పించుకుని,
తల్లికి తెలియకుండా దుప్పట్లో టార్చి వేసుకుని
చదువుకునే పిల్లల్లా ఉంటాయి.

ఐలీ చీపురు కర్రకి ఇంకో కర్ర కట్టి
రోజూ సాయంత్రం చూరు దులిపేది.
"పొదుపంటే ఇదన్నమాట," అంది నాతో,
"కరెంటు చేసే పని నేను చేయడం."

పిట్ట ఒకటుండేది, నల్లటోపీ చికడీ.
వాకిటి మూల చివరి బల్బు పక్కన
చలి ముదిరిన రాత్రుళ్లు ఒళ్లు ఉబ్బించుకుని
కుంపటి దగ్గర తాతలా కూర్చునేది.
ఆ ఏడూ వచ్చింది.
తీగ మీద అటూ ఇటూ గెంతింది.
ముక్కుతో బల్బుని ఒకసారి తట్టి చూసింది.
వెళ్లిపోయింది.

క్రిస్మస్ ఇంకా వారం ఉందనగా
మీటర్ దగ్గర వంగినవాణ్ని తలెత్తాను.
వాకిటి మూల ఒక్కటి,
ఎర్రది, నిమ్మకాయంత.
దాని కింద మంచు కరిగి గోడ తడిసింది.
మీటర్లో అది కనపడదు,
ఫ్రిజ్ ఒకసారి దగ్గినంత.
తలుపు తీసుకుని నిలబడింది ఐలీ.
"కట్టు లెక్క."
"నలభై రెండు సెంట్లు."
లోపలికెళ్లి, డబ్బా కుదిపి,
రెండు పావలాలు నా చేతిలో పెట్టింది.
"మిగతా ఎనిమిదీ నువ్వుంచుకో.
వీధిలో అందరికీ చెప్పు,
తొంభై తొమ్మిది మార్చుకోమని."

పిట్ట మళ్లీ వచ్చిందో లేదో నాకు తెలీదు.
నేను పగలు తిరిగేవాణ్ని.

వచ్చే ఏటినుంచి మీటర్లు వాటంతటవే
కంపెనీకి కబురు పంపుకుంటాయట.
నడిచేవాడి జీతం మిగులుతుంది.
అదీ పొదుపే, కాదనను.
కోటు అప్పగించేటప్పుడు జేబులు తడుముకున్నాను.
రెండు పావలాలు,
వేళ్లకి కాస్త వెచ్చగానే తగిలాయి.