చెవుల రాళ్లు

ముప్పై ఒక్క ఏండ్లు
ఏనుమాముల మార్కెట్ల దడ్వాయిని నేను.
పత్తి బోరాలు, మిర్చి బస్తాలు, మక్కలు, పసుపు
అన్నీ నా కాంటా ముందు తలొంచినయే.
ముల్లు మధ్యకొచ్చి వణికి వణికి ఆగేటప్పుడు
నేను ఊపిరి సుత బిగవట్టేది.
ఒక దిక్కు రైతు, ఒక దిక్కు అడ్తిదారు,
నడుమ నేను,
ఇద్దరికీ దొంగనే.

మొన్న సోమారం పొద్దుగాల
మంచంల నుంచి లేవంగనే
ఇల్లు గిర్రున తిరిగింది.
గోడకున్న క్యాలెండరు తూర్పు నుంచి పడమరకు పోయింది.
కొంరమ్మ చేతుల చాయ గిలాస మూడై కనవడ్డది.
నడిమిది అందుకున్న.
అది కాదు.

"గింత పొద్దుగాలనేనా?" అన్నది.
ఒట్టు, ముట్టలేదన్న.
"నీ ఒట్టు తూకం నాకెరుకే" అన్నది.

ఆటోల ఎంజీఎంకు తీస్కపోయింది.
పోచమ్మ మైదాన్ మలుపుల
నేను పట్టుకున్నది ఇనుప కడ్డీ అనుకున్న.
"పెద్దయ్యా, నా మెడ ఇడువు" అన్నడు డ్రైవరు.

డాక్టరమ్మ మా మనుమరాలంత ఉన్నది.
నా తలకాయను బేరమాడే పుచ్చకాయ లెక్క
అటు తిప్పింది, ఇటు తిప్పింది,
కండ్లల్ల లైటేసి చెప్పింది:
"తాతా, చెవి లోపల సన్న సన్న రాళ్లుంటయి.
అవ్వే మనిషిని తూకంల నిలబెడ్తయి.
నీయి జాగ తప్పినయి."

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే.
ఇరవై కిలోల రాయి, పది కిలోల రాయి, అయిదుది,
ఏడాదికోపారి ఆఫీసరొచ్చి ముద్రేసిపోయిన రాళ్లు,
జిందగీ అంత వాటితోనే గడిచె.
నా చెవుల్ల సుత ఒక కాంటా ఉన్నదని
ఇన్నొద్దులు ఒక్కరన్న చెప్పలే.
దానికి ముద్ర ఎవ్వడేసిండు?
తనిఖీకి ఎన్నడొచ్చిండు?

"ఎన్ని గ్రాములుంటయి బిడ్డా?" అనడిగిన.
"కంటికి సుత కానరావు తాతా."
కంటికి కానరాని రాయి
డెబ్బై రెండు కిలోల నన్ను
బొక్కబోర్ల పడగొట్టింది.
మార్కెట్ల గిట్ల తూకమైతే
లాఠీచార్జి అయ్యేది.

మందు బిళ్లలు తక్కువ, కసరత్తు ఎక్కువ.
రోజూ గోడ పక్కన ఒంటికాలు మీద నిలబడాల్నట,
పది లెక్కవెట్టే దాక.
లెక్క కొంరమ్మది.
కోపముంటే మూడుకు నాలుగుకు నడుమ
బియ్యంల రాళ్లు ఏరుకొని వస్తది.

హమాలి మొగిలి చూడొచ్చిండు.
"వేయి స్తంభాల మీద గుడి నిలబడ్డది
ఎనిమిది వందల ఏండ్ల సంది.
రెండు స్తంభాలు నిలబెట్టుకోను నీకేమైందే?" అని నవ్వి,
చెవు దగ్గరికొచ్చి మెల్లగన్నడు:
"ఆనాడు కాంటా మీద బొటనవేలు పెడ్తివి. యాదికున్నదా?"

ఉన్నది. లేకేం.
పరకాల రైతు పత్తి బోరం మీద ఒక్కపారి,
అడ్తిదారు కన్నుగొడితే.
మర్నాడు ఒక ముసలామె మిర్చికి
అదే వేలు ఎదురు దిక్కు పెట్టిన, ఎవ్వలడగకున్నా.
రెండూ చెల్లుకు చెల్లనుకున్న.
దేవుని ఖాతాల గిట్ల కొట్టివేతలు ఉండయో ఏమో,
కుడి చెవికి ఒకటి, ఎడమ చెవికి ఒకటి
వేరు వేరుగ రాసుకున్నట్టున్నడు.

నిన్న మాపటికి గోడ ఇడిచి నిలబడ్డ.
కొంగ లెక్క. జపం మాత్రం నిజందే.
అయిదు, ఆరు...
లోపల ముల్లు మెల్లగ మధ్యకొస్తున్నది.
ఊపిరి బిగవట్టిన. ఏడు.
వాకిట్ల వంకాయల బండి ఆగింది.
మా లేబర్ కాలనీల ఇంకా తక్కెడ పట్టేటోడు వాడొక్కడే.
కిలో రాయి ఒక దిక్కు, వంకాయలు ఒక దిక్కు,
ముల్లు ఇంకా ఊగుతనే ఉన్నది,
వాడు గబుక్కున సంచిల గుమ్మరిస్తుండు.
"ఓయ్! ముల్లు ఆగనియ్యిరా!" అని
చెయ్యి లేపిన.

పడ్డ.

ఎనిమిది, అన్నది కొంరమ్మ, అలవాటుగ.

కింద పండుకొనే చెప్పిన,
నూరు గ్రాములు తక్కువున్నదని.
ఆమె నమ్మక కిరాణం కొట్టుకు పోయి
ఎర్రంకెల మిషన్ మీద పెట్టిచ్చింది.
తొంభై.