పేర్లు నీకు తెలుసు

మూడో అంతస్తు, ఉత్తరం గది.
దాని తాళంచెవి తొమ్మిదేళ్లుగా నా నడుముకే వేలాడుతోంది.
నా పేరు యెవ్లాంపియా.
మఠంలో చేరకముందు ఉరల్ కొండల కింద
ట్రామ్ డిపోలో చిల్లర లెక్కపెట్టేదాన్ని.
ఇప్పుడు రెండు పెట్టెల మీద దుమ్ము తుడుస్తాను.

చిన్న పెట్టెలు. రెండూ కలిపినా
మా వంటింటి నల్లరొట్టె బరువు తూగవు.
ఒకటి రాజుగారబ్బాయిదంటారు. ఒకటి అక్కదంటారు.
'అంటారు' అన్న మాటను ఈ గదిలో
ఏటి మంచు మీద అడుగేసినట్టు పలకాలి.

రిమ్మా సావెల్యెవ్నా ప్రయోగశాల నుంచి వచ్చింది.
"నూటికి తొంభైతొమ్మిది.
చుక్క తర్వాత కూడా అన్నీ తొమ్మిదులే" అంది.
ఫాదర్ అవెనీర్ కళ్లద్దాలు తుడుచుకుని
"మిగిలిన ఆ పిసరు ఎవరిది?" అని అడిగాడు.
ఆమె నవ్వింది.
ఆయన నవ్వలేదు.

మొండివాడంటారు ఆయన్ని. నేననను.
డెబ్భై ఏళ్లు మాకు స్టాంపు కొట్టి మరీ అబద్ధాలు చెప్పారు.
గుండ్రటి ముద్ర కనిపిస్తే చాలు,
మా ఊళ్లో ముసలాళ్లు ఇప్పటికీ కాగితం తిరగేసి చూస్తారు.
పైగా వాళ్లు పరిశుద్ధులని చర్చి ఎప్పుడో చాటేసింది.
పరిశుద్ధుల ఎముకనైతే ముద్దుపెట్టుకోవాలి,
మామూలు ఎముకనైతే మట్టిలో పెట్టాలి.
కాని ఎముకకు పెదవి తగిలిస్తే ఒక పాపం,
అయిన ఎముకను అలమరలో పెట్టి తాళమేస్తే ఇంకో పాపం.
ఏది బరువో చూసే తక్కెడ
రిమ్మా దగ్గర లేదు, ఫాదర్ దగ్గరా లేదు.

అందుకే ఈ గదిలో దీపం పెట్టొద్దన్నారు.
పెడితే ఒప్పుకున్నట్టు.
చీకట్లో ఉంచుదామా అంటే, కాదన్నట్టు.
మధ్యేమార్గంగా ట్యూబ్‌లైటు బిగించారు.
రాత్రంతా గుయ్యిమంటూ వెలుగుతుంది,
ఏ పక్షానా మాట తూలకుండా.

జూలైలో, ఆ రాత్రి తలుచుకునే రోజున,
ఫాదర్ సాంబ్రాణి వేశాడు. గొంతు సవరించుకున్నాడు.
రాజు పేరు రాలేదు, రాణి పేరు రాలేదు,
పిల్లల పేర్లు నాలుక దాకా వచ్చి ఆగిపోయాయి.
"ప్రభువా, వీళ్లు నీ సేవకులు.
వీళ్ల పేర్లు నీకు తెలుసు."
గుమ్మం దగ్గర రిమ్మా ముఖం కందిపోయింది.
"నేను చెప్పాను కదా పేర్లు!
పదకొండేళ్లు కూర్చుని, ఒక్కొక్కటీ చెప్పాను కదా!"
మెట్ల మీద ఆమె మడమల చప్పుడు చాలాసేపు వినిపించింది.

నాకూ కోపం రావాల్సింది.
రాలేదు. తాత గుర్తొచ్చాడు.

ప్రోఖోర్. గుర్రాలకు నాడాలు కొట్టేవాడు.
ముప్పైయ్యేడులో ఒక రాత్రి
బూట్లయినా తొడుక్కోనివ్వకుండా తీసుకెళ్లారు.
రహదారి పక్కన, బిర్చి చెట్ల కింద గొయ్యి ఉందని తర్వాత తెలిసింది.
ఎంతమంది అంటే, లెక్క తెగదన్నారు.
ఆయన కోసం ఎవరూ చిమటా పట్టలేదు,
మా అమ్మ బుగ్గలో దూదిపుల్ల తిప్పలేదు,
పరిశుద్ధుడా కాదా అని సభ పెట్టలేదు.
తాత బూతులు బాగా తిట్టేవాడు కూడా.

ఫాదర్ భయపడి వదిలేసిన ఆ ఖాళీలోకి
తాత వచ్చి నిలబడ్డాడు, ఉత్త కాళ్లతో.
ఆయన వెనక గోతిలోని వాళ్లంతా.
తోసుకోలేదు.
క్యూలో నిలబడడం మావాళ్లకు కొత్త కాదు.
పేర్లు చదివి ఉంటే
తలుపు ఏడుగురి దగ్గరే మూసుకుపోయేది.

నిన్న ఫాదర్ మెట్లెక్కి వచ్చాడు, రొప్పుతూ.
పెద్దల సభ త్వరలో తేల్చేస్తుందట.
"ఎటు తేలినా పెట్టెలు ఇక్కడ ఉండవు.
దిగులుగా ఉంటుందా సిస్టర్?"

ట్యూబ్‌లైటు కొట్టుకుంటోంది ఫాదర్,
ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, అన్నాను.
కుదరకపోతే ఈ ఒక్క రాత్రీ ఆర్పేయనివ్వండి.
అంత వెలుతురులో పిల్లలకు నిద్రపట్టదు,
ఎవరి పిల్లలైనా.