మనవుల డబ్బా

చర్చి తలుపు పక్కన పాత డాల్డా డబ్బా,
మూతకు కత్తితోని కోసిన సందు.
శుక్రవారం ఉపాస ప్రార్థనకు ముందుగాల
రేకుల కింద చాపేసుకొని
నేనొక్కణ్నే ఇప్పుత.

బస్సు టికెట్టు వెనక ఒకరు,
దేవరకొండ మందుల షాపు కవరు మీద ఒకరు.
రాయరానోళ్లకు ఏడో తరగతి సుహాసిని రాసిపెడ్తది.
ఊరి గుట్టంత ఆ పిల్లకు, నాకు, దేవునికే ఎరుక.

*నాలుగో బోరు ఏస్తున్నం అయ్యగారూ, నీళ్లు పడాలె.*
మొదటి మూడింటికీ ప్రార్థన చేసింది నేనే.
మూడింట్లనూ తెల్లదుమ్మే లేచింది.
నాలుగోదానికి పిలువొచ్చిన్నాడు
చెప్పులు దొరకనట్టు
శానసేపు ఎతుకుతనే ఉన్న.

*మోకాళ్లు వంగుతలేవు. నిలబడి చేస్తే ఇనబడ్తదా?*
ఎలీశమ్మ.
యాభై ఏండ్ల ఫ్లోరైడు నీళ్లు
ఆమె ఎముకల్ని గడ్డపార లెక్క బిగిచ్చినయి.
వంగినోళ్ల కంటే ముందు నీదే ఇనబడ్తదమ్మా అన్న.
అన్నంక
ఇంటికొచ్చేదాక నాకే అనుమానం.

*పిల్లకు స్కాలర్‌షిప్ ఫారం పెట్టినం,
రిజిస్టర్ల బాప్తిస్మం పేరు రాయకుండ్రి.*
రాయలే.
నీళ్లల్ల మునిగినప్పుడు ఒక పేరు,
మండలాఫీసు కిటికీ కాడ ఒక పేరు.
నా రిజిస్టర్ల ఖాళీ గీతలే ఎక్కువైనయి.

హగ్గయిదొక చీటీ, వాని తమ్ముడు తీతుదొక చీటీ.
ఒక్కటే గెట్టు, ఒక్కటే దేవుడు,
రాసిన పెన్ను గూడ ఒక్కటే.
ఆదివారం ఒకడు కిటికీ కాడ, ఒకడు డోలు కాడ.
ఎవని దిక్కు చూస్తే ఇంకోనికి కోపమని
నడిమిట్ల చూసుకుంట వాక్యం చెప్త.
నడిమిట్ల ఫ్యాను తప్ప ఎవ్వరుండరు.

*ప్రసంగం జర జల్ది అయిపోయేటట్టు ప్రార్థించుండ్రి, కరెంటు బిల్లు మస్తొస్తున్నది.*
పేరు లేదు.
కాయితానికి మాత్రం మా ఖజాంచి జర్దా వాసన.

*పాస్టరు కొడుకు నా బంతి ఇయ్యాలె.*
ఇది రాత్రికే అయిపోతది.

*మా నాయినను పెట్టిన జాగల వెంచరోళ్లు రాళ్లు పాతిండ్రు.*
కింద గీత గీసి: *రేపు పొద్దుగాలనే పోదాం.*
పైన మనవి అనే ఉంటది,
లోపలంత పనే.
నా పాత ఎక్సెల్ బండికి పెట్రోలు పోసే చీటీ
ఇప్పటిదాక ఒక్కటి రాలే.

ఆఖరుది మడత మీద మడత.
క్యాలెండర్ చింపిన ముక్క.
*మా ఇంటాయన రాత్రిళ్లు నిద్రపోతలేడు.
అందరి బాధలు తెచ్చి దిండు కింద పెట్టుకుంటడు.
ఆయన కోసం ఎవరన్న ప్రార్థన చేయుండ్రి.*

పేరు రాయలే.
ఆ పక్కకొరిగే అక్షరాలు
మా ఇంట్ల ఉప్పు డబ్బా మీద ఉంటయి,
కారప్పొడి డబ్బా మీద ఉంటయి.
పొద్దుగాల ఛాయ్ ఇచ్చినప్పుడు
ఏమన్నదే లేదు.

ఏడు గంటలకు అన్నీ చదివిన.
బోరు చదివిన, గెట్టు పేర్లు చెప్పకుండ చదివిన,
దానికాడికొచ్చేసరికి
"ఒక సహోదరి మనవి" అన్న.
ఆడోళ్ల దిక్కు చూడలే.

నలభై మంది కండ్లు మూసుకున్నరు.
ఎలీశమ్మ గోడ పట్టుకొని లేచింది,
నిలబడే అందుకున్నది:
"తండ్రీ, ఎవరి బిడ్డనో ఏమో,
ఆ కొడుకు కండ్ల మీదికి ఇంత నిద్ర పంపు,
ఒక్క రాత్రి బోర్ల సంగతి నువ్వే చూసుకో."

అందరు ఆమేన్ అన్నరు.
నాకు గొంతు పెగల్లే.
చేతుల మైకు
ఊకెనే గుర్రుమన్నది.