ఏ పిట్టది?

సిక్కోలు ఆటసామాన్ల కొట్టులో
పచ్చ ప్లాస్టిక్ రెక్కలు డజను కొన్నాను.
వానకి తడవవు, పురుగు కొట్టదు అన్నాడు కొట్టువాడు.

మెళియాపుట్టి కొండవార
ఎండువ తాత ఒకటి అంటించి
వెదురు విల్లుకి ఆనించి వదిలాడు.
రెక్క విల్లుని తన్నింది,
బాణం జీడితోటలో పడింది.

"ఈకయితే ఒదిగి పోతాది.
ఇదెక్కడ ఒంగుతాదిరా గుంటా!"
చూరులోంచి కోడీకలు తీశాడు.
"మూడూ ఒకే పక్క రెక్కవి.
కలిపి కట్టేవంటే
బాణం తనలో తనే దెబ్బలాడుకుంటాది."

సాయంత్రం వాన.
ఈకలు తడిసి పీలికలయ్యాయి.
తాత ఏమీ అనలేదు,
నిప్పుకి ఎడంగా పట్టుకుని
ఒక్కొక్కటీ ఊదుతున్నాడు.

నేను జీడాకుల కింద
పచ్చరెక్క వెతుకుతున్నాను.
దొరికితే
ఏ పిట్టదని చెప్పను?