ఆకాశానికి అడంగల్

ముప్పరాజు యల్లమందయ్య మూడెకరాలకి
పాసుపుస్తకం ఉంది, అడంగల్ ఉంది,
గట్టు రెండడుగులు జరిగిందని
పక్కచేనుతో పదకొండేళ్ల దావా ఉంది.
దాని మీదున్న ఆకాశానికి ఏముంది?

ఆ మాట ట్రైనింగులో నేనే అడిగాను.
సారు నవ్వి, బోర్డు మీద సుద్దముక్కతో
నాలుగు వందల అడుగుల ఎత్తున గీత గీశాడు.
నేల రైతుది తల్లీ,
ఈ గీత దాకా గాలి, ఢిల్లీ వాళ్లు నీకిచ్చిన కౌలు.
కౌలంటే ఏంటో మాకు చెప్పాలా?
మా నాన్న బతుకంతా కౌలుచేనే.

నేను కటికల సలోమిని. వట్టిచెరుకూరు.
డ్వాక్రా సంఘం అప్పుతో వచ్చిన ఆరు రెక్కల మిషనుకి
ఆధార్ కంటే గట్టి నంబరుంది,
నాకు ఫొటో ఉన్న పైలట్ కార్డుంది.
రెండోసారికి పాసైన టెన్త్
ఇన్నాళ్లకి ఒక పనికొచ్చింది.
అమ్మ ఆ కార్డుని బైబిల్లో కీర్తనల దగ్గర దాచింది.

ఫోన్లో మ్యాపు తెరిస్తే దేశమంతా మూడు రంగులు.
పచ్చయితే ఎగరొచ్చు.
పసుపయితే టవరు వాళ్లనడగాలి.
గన్నవరం చుట్టూ చూడండి,
దుగ్గిరాల యార్డులో కొమ్ములు ఆరబోసినట్టుంటుంది.
ఎరుపంటే వద్దు.
ఇదంతా చెబితే యల్లమందయ్య
నోట్లో చుట్ట పక్కకి తీసి,
"నా చేను ఎర్రబడాలనే గదే నిన్ను పిలిచింది!" అన్నాడు.

మా తమ్ముడు జోయెల్ దగ్గర కిలోంపావు డ్రోను.
కాలవ గట్టున సరదాకి ఎగరేస్తే కార్డు అడగరు.
అదే డ్రోను బ్రాడీపేటలో పెళ్లి తీసి
పెళ్లికొడుకు మేనమామ దగ్గర డబ్బు పుచ్చుకుంటే అడుగుతారు.
ఎత్తూ అదే, బ్యాటరీ అదే,
చేతిలో నోటు పడ్డాక చట్టం వేరు.

డిసెంబరు మొదట్లో నల్ల తామరపురుగు దిగింది.
పూవు విప్పితే పూవులో, ఆకు తిప్పితే ఆకు కింద.
తెల్లారి ఐదున్నరకి మందు కలిపి, గాలి చూసుకుని,
మ్యాపు తెరిచాను.
నిన్నటి పచ్చ, ఎర్రగా ఉంది.

ఎస్సై గారు ఫోన్లో మర్యాదగానే చెప్పాడు.
ఎవరో పెద్దాయన వస్తున్నారంట, మీటింగు,
ఎస్పీ గారి ఉత్తర్వు, నాలుగు రోజులు.
ఢిల్లీ వాళ్లిచ్చారు గదా సార్, అన్నాను.
"ఢిల్లీ ఢిల్లీయే, వట్టిచెరుకూరు వట్టిచెరుకూరేనమ్మా."

మొదటి రోజు యల్లమందయ్య తిట్టాడు.
రెండో రోజు బతిమాలాడు.
పొద్దు పొడవకముందే, తాటిచెట్టు ఎత్తు దాటకుండా,
ఎవరు చూడొచ్చారు?
నేను చూస్తాను గదా బాబాయ్, అన్నాను.
గొప్పకి అన్నాను.
నిజానికి లక్ష రూపాయల జరిమానా కళ్ల ముందాడింది,
అప్పు కాగితం మీద పదిమంది ఆడాళ్ల సంతకాలు,
అందులో మూడు వేలిముద్రలు.

పురుగు మాత్రం లేచింది.
నంబరు లేదు, కార్డు లేదు,
గట్టు దావా సంగతి దానికి తెలియదు,
ఎర్ర రంగులోంచి దర్జాగా
ఈ చేను నుంచి ఆ చేనుకి పోయింది.

మూడో రోజు అటక మీంచి
అమ్మ తైవాన్ స్ప్రేయరు దించాను.
ఇరవై లీటర్లు. పట్టీ మీద
అమ్మ భుజం ఒరిసి ఒరిసి తేలిన నునుపు.
పన్నెండేళ్లు ఇట్లాగే నడిచింది,
కొంగు ముక్కుకి కట్టుకుని.
ఆ దగ్గు ఇప్పటికీ రాత్రి రెండింటికి లేచి
ఇల్లంతా తిరుగుతుంది.

మాస్కు పెట్టుకుని సాలులోకి దిగాను.
మొక్క నడుము దాకా, తుంపర మొహం దాకా.
ఈ ఎత్తుకి మ్యాపులో రంగు లేదు.
కార్డేదని ఎవరూ అడగలేదు.

పన్నెండో సాలు మధ్యలో ఉండగా పైన చప్పుడు.
హెలికాప్టరు.
యల్లమందయ్య కండువా తీసి ఊపాడు, అలవాటుగా.
ట్యాంకు బరువుకి నాకు తల లేవలేదు.
ఇంకా తొంభై సాళ్లున్నాయి.